లార్క్ నది దాకా ఎనిమిది మైళ్లు

ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్ స్టేషన్ బయట టాక్సీ అతను లార్క్ నది ఒడ్డునున్న ఐజల్‌హాం గ్రామానికి అడిగిన కిరాయితో ఒంగోలు నుంచి హైదరాబాదుకు ఏసీ బస్సులో పోయి రావచ్చు. బస్సు కోసం మధ్యాహ్నం దాకా కాచుకోవాలన్నారు. దూరం ఎనిమిది మైళ్లే. తరువాత ప్రఖ్యాత బాప్తిస్టు బోధకుడైన చార్లెస్ స్పర్జన్ కూడా 1850 మే 3న ఆ నదిలో బాప్తిస్మం పొందడానికి న్యూమార్కెట్ నుంచి నడిచే వెళ్లాడు కనుక నేనూ నడక మొదలుపెట్టాను.

లండన్‌లో ఆయన మెట్రోపాలిటన్ టాబర్నకిల్‌ను చూసినప్పుడు నా మనసు ఇంతగా కదలలేదు. 1861లో ప్రారంభమైన ఆ మహామందిరంలో, 1898 అగ్నిప్రమాదమూ 1941 బాంబుదాడీ పోగా, మిగిలింది ముందరి స్తంభాల మండపమే. వెనుక ఉన్నది తరువాత కట్టిన చిన్న మందిరం. కానీ గుర్రపు పందేల ఊరైన న్యూమార్కెట్ దాటి, ఫోర్డ్‌హాం మీదుగా, ఎదురుగాలి ఆపడానికి ఒక్క గుట్టయినా లేని ఆ చదును పొలాల మధ్య నడుస్తుంటే, అప్పటికి పదహారేళ్లు కూడా నిండని కుర్రవాడి పట్టుదల ఎంతటిదో నాకు తెలిసివచ్చింది.

ఆ కుటుంబంలో బోధకులకు కొదువ లేదు. తాత జేమ్స్ స్పర్జన్ ఎసెక్స్‌లోని స్టాంబోర్న్ గ్రామంలో యాభై ఏళ్లకు పైగా ఒకే సంఘాన్ని కాశాడు. తండ్రి జాన్ కూడా బోధకుడే. తరువాత తమ్ముడు జేమ్స్ ఆర్చర్, కవల కొడుకులు థామస్, చార్లెస్ అదే సేవలోకి వచ్చారు. పసితనంలో కొన్నేళ్లు తాతగారింట పెరిగిన స్పర్జన్, ఇంటికున్న కిటికీల లెక్కన వేసే పన్ను తప్పించుకోవడానికి కిటికీ మూసేసిన ఒక చీకటి గదిలో, ప్యూరిటన్లనే పాతకాలపు ఇంగ్లీషు సంస్కరణవాద క్రైస్తవుల పెద్ద పెద్ద గ్రంథాలను కనుగొన్నాడు. అయితే తాత, తండ్రి పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే ఇండిపెండెంట్ సంఘాలవారు. విశ్వసించినవారే నీట మునగాలని లేఖనాలు చదివి తేల్చుకున్నది ఈ కుర్రవాడే.

కనుక ఇంటికి ఉత్తరాలు రాసి, తల్లిదండ్రుల అనుమతి అడిగి మరీ నదికి వెళ్లాడు. నువ్వు క్రైస్తవుడివి కావాలని ప్రార్థించాను గాని, బాప్తిస్టువి కావాలని ఎన్నడూ అడగలేదని తల్లి అన్నదట. నీవు అడిగినదానికంటె అత్యధికంగా ప్రభువు ఇచ్చాడమ్మా అని కొడుకు బదులు చెప్పాడు. పాస్టరుగారి అబ్బాయి పాస్టరు కావడం మన సంఘాల్లో వారసత్వంగా సాగిపోతుంది. స్పర్జన్ మాత్రం, ఇంట్లో విశ్వాసం అంత సమృద్ధిగా ఉన్నా, దాన్ని మళ్లీ తన చేతులతో వెదికి పట్టుకున్నాడు. నాకు ఆయన ప్రసంగాలకన్నా ఇదే గొప్పగా కనిపిస్తుంది.

లార్క్ చిన్న నది. మా ఒంగోలు ప్రాంతంలో నది, బాప్తిస్మం అనగానే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందిన రోజే గుర్తుకొస్తుంది. ఆ జనసముద్రం కథలు విని పెరిగిన నాకు, అంతకుముందు ఎన్నడూ ముంపు బాప్తిస్మం చూడనైనా చూడని ఒక కుర్రవాడు ఇంటివారెవరూ లేని చోట చలిగాలిలో నీళ్లలోకి దిగడం మరింత కష్టమైన పనిగా తోచింది. తన పిరికితనం ఆ నీళ్లలోనే కొట్టుకుపోయిందని ఆయనే తరువాత రాసుకున్నాడు. నాలుగేళ్లు తిరక్కముందే లండన్‌లో న్యూ పార్క్ స్ట్రీట్ సంఘానికి కాపరి అయ్యాడు.

మర్నాడు హేవర్‌హిల్ వెళ్లాను. అక్కడికి రైళ్లు 1967లోనే ఆగిపోయాయి కనుక కేంబ్రిడ్జి నుంచి బస్సే గతి, దానికీ టికెట్టు తక్కువేమీ కాదు. ఒకప్పుడు ఆ ఊళ్లో ప్రసంగించవలసిన స్పర్జన్ రైలు ఆలస్యమై సమయానికి చేరలేకపోతే, తాత లేచి బైబిలులోని ఎఫెసీ పత్రికలో ఉన్న "కృపచేతనే" అన్న వాక్యం మీద ప్రసంగం ఎత్తుకున్నాడు. మనవడు తలుపులో కనబడగానే, ఇతను నాకన్నా బాగా సువార్త చెప్పగలడేమో గాని, నేను చెప్పేదానికన్నా మంచి సువార్త చెప్పలేడని సభకు చెప్పి చోటిచ్చాడు. మనవడు తాత విడిచిన చోటు నుంచే అందుకున్నాడు. అతను మాట్లాడుతుంటే ముసలాయన వెనుక నుంచి "బాగుంది, బాగుంది, ఆ మాట వాళ్లకు మళ్లీ చెప్పు చార్లెస్" అంటూనే ఉన్నాడట.