పాత హార్డ్ డిస్క్ ‘అనుమతి లేదు’ అన్నప్పుడు: పర్మిషన్లు ముట్టుకోకుండా ఫైళ్ళు బయటికి తీసిన పద్ధతి

మదర్‌బోర్డు పోయిన పాత డెస్క్‌టాప్ అది. విండోస్ 10 నడిచిన 1 టీబీ డిస్క్ మాత్రం బాగానే ఉంది. అందులో ఇంటి ఫోటోలు, స్కాన్ చేసిన పొలం కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, అను ఫాంట్లలో టైప్ చేసిన పేజ్‌మేకర్ ఫైళ్ళు ఉన్నాయి. డిస్క్‌ని విప్పి, సాటా (డిస్క్‌కి ఉండే కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి తగిలించాను. కేబుల్ కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్క్‌కి యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు చాలదు, 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే కేబులే కావాలి. ల్యాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల డిస్క్ మామూలుగా యూఎస్‌బీ మీదే తిరుగుతుంది.

డిస్క్ ఇ డ్రైవ్‌గా కనిపించింది. యూజర్స్ ఫోల్డర్‌లోకి వెళ్ళి పాత అకౌంట్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే, ఈ ఫోల్డర్ తెరిచే అనుమతి మీకు లేదు, శాశ్వతంగా అనుమతి కావాలంటే కంటిన్యూ నొక్కండి అని వచ్చింది.

చాలామంది ఇక్కడ కంటిన్యూ నొక్కేస్తారు. నా సలహా, నొక్కకండి. అది నొక్కితే విండోస్ ఆ ఫోల్డర్ కింద ఉన్న ఫైళ్ళ పర్మిషన్ల జాబితాలో మీ అకౌంట్ పేరు రాసుకుంటూ పోతుంది. అంటే పాత డిస్క్ మీద రాత మొదలవుతుంది. ఒక యూజర్ ఫోల్డర్‌లో బ్రౌజర్ క్యాష్‌తో కలిపి లక్షల్లో చిన్న ఫైళ్ళు ఉండొచ్చు. అడ్రస్ బార్‌లోని పచ్చ గీత గంటల తరబడి కదలదు, విసుగొచ్చి మధ్యలో ఆపితే సగానికి కొత్త పర్మిషన్లు, సగానికి పాతవి మిగులుతాయి. డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు (పాడైపోయిన చోట్లు) ఉంటే ఈ రాతలే దాన్ని ఇంకా పాడు చేయవచ్చు. మనకి కావలసింది ఫైళ్ళు చదవడం. చదవడానికి పర్మిషన్లు మార్చాల్సిన పని లేదు.

అసలు ఎందుకు ఆపుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్ మీద ఫైళ్ళని అమర్చే పద్ధతి) డ్రైవ్‌లో ప్రతి ఫైలుకీ ఒక ఓనరు, ఎవరు ఏం చేయవచ్చో చెప్పే ఒక జాబితా ఉంటాయి. ఆ జాబితాలో మనుషుల పేర్లు ఉండవు, ఎస్‌ఐడీ అనే నంబర్లు ఉంటాయి. లోకల్ అకౌంట్ అయితే ఎస్-1-5-21 తో మొదలై, ఆ కంప్యూటర్‌కి మాత్రమే చెందిన మూడు పెద్ద సంఖ్యలు వచ్చి, చివర 1001 లాంటి అంకెతో ముగుస్తుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే ‘అకౌంట్ అన్‌నోన్’ అని పక్కన ఈ నంబరే కనిపిస్తుంది. రెండు కంప్యూటర్లలోనూ అకౌంట్ పేరు, పాస్‌వర్డ్ ఒకటే పెట్టినా లాభం లేదు, మధ్యలోని మూడు సంఖ్యలు వేరు. కొత్త కంప్యూటర్‌కి ఆ నంబరు ఎవరిదో తెలియదు, అందుకే పేరు చూపించలేక నంబరే చూపిస్తుంది.

అదే జాబితాలో అడ్మినిస్ట్రేటర్స్ అనే గ్రూపు కూడా ఉంటుంది. దాని నంబరు ఎస్-1-5-32-544, ఇది ప్రపంచంలోని అన్ని విండోస్‌లలోనూ ఒకటే. మరి నేను అడ్మినే కదా, నన్నెందుకు ఆపుతోంది అన్న సందేహం వస్తుంది. మనం అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయినా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మామూలు యూజర్ హక్కులతోనే నడుస్తుంది. ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని తెరిచిన ప్రోగ్రాముకే ఆ గ్రూపు హక్కులు అందుతాయి. దారి అక్కడే ఉంది.

పని మొదలుపెట్టే ముందు ఎన్‌క్రిప్షన్ సంగతి తేల్చుకోవాలి. డ్రైవ్ బొమ్మ మీద తాళం ఉంటే అది బిట్‌లాకర్, డ్రైవ్ మొత్తానికీ తాళం వేస్తుంది. దానికి పర్మిషన్లతో సంబంధం లేదు, 48 అంకెల రికవరీ కీ కావాలి. పాత కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవారైతే అదే అకౌంట్‌లోకి బ్రౌజర్‌లో వెళ్ళి వెతకండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఇంకొకటి ఈఎఫ్‌ఎస్. ఇది విండోస్ ప్రొ లాంటి ఎడిషన్లలోనే ఉంటుంది, ఒక్కో ఫైలునీ విడిగా తాళం వేస్తుంది. ఆ ఫైలు బొమ్మ మూల చిన్న తాళం కనిపిస్తుంది. దానికి ఫుల్ కంట్రోల్ ఇచ్చుకున్నా ‘యాక్సెస్ డినైడ్’ అనే వస్తుంది, ఎందుకంటే అక్కడ అడ్డం పర్మిషన్ కాదు, తాళంచెవి. పాత అకౌంట్ నుంచి ముందే ఎక్స్‌పోర్ట్ చేసి దాచిన పీఎఫ్‌ఎక్స్ ఫైలు (ఆ తాళంచెవి ఉండే ఫైలు) ఉంటేనే తెరుచుకుంటుంది. మా డిస్క్‌లో ఈ రెండూ లేవు.

ఇక కాపీ. విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ అనే కమాండ్ వాడాను. దీనిలో బ్యాకప్ మోడ్ అని ఒకటుంది. బ్యాకప్ తీసే ప్రోగ్రాములకి విండోస్ ఒక ప్రత్యేక హక్కు ఇస్తుంది, పర్మిషన్ల జాబితాలో ఏమున్నా చదువుకోవచ్చని. అడ్మిన్ హక్కుతో తెరిచిన కమాండ్ విండోలో రోబోకాపీ ఆ హక్కునే వాడుకుంటుంది. పాత డిస్క్‌లోని ఫైళ్ళనీ, వాటి పర్మిషన్లనీ అది మార్చదు.

స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోవాలి. రోబోకాపీ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, కోట్స్ మధ్యలో పాత ఫోల్డర్ దారి, మళ్ళీ కోట్స్ మధ్యలో కొత్త ఫోల్డర్ దారి ఇవ్వాలి. ఆ తర్వాత ఖాళీ వదిలి ఒక్కొక్కటిగా స్లాష్ ఇ, స్లాష్ బి, స్లాష్ ఎక్స్‌జె, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1. చివరగా స్లాష్ యూనిలాగ్, కోలన్, లాగ్ ఫైలు (జరిగిందంతా రాసిపెట్టే ఫైలు) పేరు. దారి చివర బ్యాక్‌స్లాష్ పెట్టి వెంటనే కోట్స్ మూయకండి. ఆ బ్యాక్‌స్లాష్ కోట్స్ గుర్తుని మింగేసి, రెండు దారులూ కలిసిపోయి, అర్థంకాని ఎర్రర్ వస్తుంది.

స్లాష్ ఇ అంటే ఖాళీ ఫోల్డర్లతో సహా లోపలివన్నీ. స్లాష్ బి బ్యాకప్ మోడ్, ఈ పనికి ప్రాణం ఇదే. కమాండ్ విండోని మామూలుగా తెరిస్తే బ్యాకప్ హక్కు లేదని చెప్పి రోబోకాపీ అక్కడే ఆగిపోతుంది. ఆర్, డబ్ల్యూ తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే, కాపీ కాని ఒక్క ఫైలు కోసం 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నించడం దాని అలవాటు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అదే ఫైలు దగ్గర ఉంటుంది.

ఎక్స్‌జె గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. యూజర్ ఫోల్డర్‌లో ‘మై డాక్యుమెంట్స్’, ‘అప్లికేషన్ డేటా’ లాంటి దాగిన ఫోల్డర్లు ఉంటాయి. అవి నిజం ఫోల్డర్లు కావు, పాత ప్రోగ్రాముల కోసం మైక్రోసాఫ్ట్ ఉంచిన జంక్షన్లు, అంటే వేరే ఫోల్డర్‌కి దారి చూపే గుర్తులు. యాప్‌డేటాలోని లోకల్ ఫోల్డర్‌లో ఉన్న ‘అప్లికేషన్ డేటా’ అయితే తిరిగి ఆ లోకల్ ఫోల్డర్‌కే దారి చూపిస్తుంది. దాంట్లోకి దిగిన ప్రోగ్రాము లోపలికి, ఇంకా లోపలికి వెళ్తూనే ఉంటుంది. అందుకే విండోస్ కావాలనే వాటి మీద ‘ఎవ్రీవన్’కి డినై (ఎవరినీ లోపలికి చూడనివ్వని నిషేధం) పెట్టింది. వాటి దగ్గర వచ్చే ‘యాక్సెస్ డినైడ్’ సరిచేయాల్సిన లోపం కాదు, ఉండాల్సిన కాపలా. ఇంకో ప్రమాదం, ఈ జంక్షన్లలో రాసి ఉన్నది సి డ్రైవ్ దారి. డిస్క్ ఇప్పుడు ఇ డ్రైవ్ అయినా అవి సి వైపే చూస్తాయి, అంటే కొత్త ల్యాప్‌టాప్ వైపు. ఎక్స్‌జె పెడితే రోబోకాపీ వాటి జోలికి పోదు.

యూనిలాగ్ తెలుగు వాళ్ళకి మరీ అవసరం. ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉంటే నల్ల విండోలో డబ్బాలుగా కనిపించవచ్చు, కాపీ మాత్రం సరిగ్గానే జరుగుతుంది. మామూలు లాగ్ తీసుకుంటే అందులో తెలుగు పేర్ల బదులు ప్రశ్నార్థకాలు పడతాయి, ఏ ఫైలు తప్పిందో కనుక్కోలేం. యూనిలాగ్‌తో తీసిన ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పేర్లు శుభ్రంగా చదవవచ్చు. తెలుగు దారిని కమాండ్ విండోలో టైప్ చేయాల్సి వస్తే, ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ మీద షిఫ్ట్ నొక్కి రైట్ క్లిక్ చేసి ‘కాపీ యాజ్ పాత్’ తీసుకుని అతికించడమే తేలిక. కోట్స్ కూడా దాంతోపాటే వస్తాయి.

స్లాష్ కాపీఆల్, స్లాష్ సెక్ వాడకండి. అవి పాత పర్మిషన్లని కూడా కొత్త డిస్క్‌కి మోసుకొస్తాయి, అప్పుడు చిక్కు కూడా ఫైళ్ళతోపాటు ఇల్లు మారుతుంది. ఏమీ చెప్పకపోతే రోబోకాపీ ఫైలులోని డేటా, దాని తేదీలు, అట్రిబ్యూట్లే తెస్తుంది, పర్మిషన్లు కొత్త ఫోల్డర్ నుంచి వచ్చి చేరతాయి. మనకి కావలసింది అదే. స్లాష్ మిర్ అయితే అసలే వద్దు, పాత చోట లేని ఫైళ్ళు కొత్త చోట ఉంటే చెరిపేస్తుంది.

కాపీ అయ్యాక లాగ్ చివర ఒక పట్టిక ఉంటుంది. అందులో ఫెయిల్డ్ అనే గడిలో సున్నా ఉండాలి. లేకపోతే లాగ్‌లో ఎర్రర్ అని వెతకండి. ఎర్రర్ 5 అంటే యాక్సెస్ డినైడ్, స్లాష్ బి ఇచ్చాక కూడా వస్తే ముందు ఈఎఫ్‌ఎస్‌ని అనుమానించాలి. ఎర్రర్ 32 అంటే ఆ ఫైలుని వేరే ప్రోగ్రాము పట్టుకుని ఉంది. ఎర్రర్ 23 అంటే డిస్క్‌లో ఆ చోటు చదవడం కుదరలేదు, అది డిస్క్ జబ్బు, పర్మిషన్లతో పని లేదు. పాత డిస్క్‌లోని రెండో పార్టిషన్‌ని మొత్తంగా కాపీ చేస్తే ఇంకో వింత ఉంది. డ్రైవ్ మూలానికి ఉండే హిడెన్, సిస్టమ్ గుర్తులు కొత్త ఫోల్డర్‌కి అంటుకుని, ఆ ఫోల్డర్ కనిపించకుండా పోతుంది. అట్రిబ్ కమాండ్‌లో మైనస్ ఎస్, మైనస్ హెచ్ అని ఇచ్చి, ఆ ఫోల్డర్ దారి ఇస్తే తిరిగి కనిపిస్తుంది.

పాత డిస్క్‌నే ఇకమీదట డేటా డ్రైవ్‌గా వాడుకోవాలనుకుంటే మాత్రం ఓనర్‌షిప్ మార్చుకోక తప్పదు. అదైనా ఫైళ్ళు ఇంకోచోట కాపీ అయ్యాకే, కావలసిన ఫోల్డర్ ఒక్కదాని మీదే చేయాలి. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ అని వెళ్తే పైన ఓనర్ పక్కన చేంజ్ ఉంటుంది. మీ అకౌంట్ పేరు కొట్టి చెక్ నేమ్స్ నొక్కండి, ఓకే చేసి, లోపలి ఫోల్డర్లకి కూడా ఓనర్‌ని మార్చమనే చిన్న గడిలో టిక్ పెట్టి అప్లై చేయండి. ఆ విండోలన్నీ మూసి మళ్ళీ తెరవాలి, అప్పుడే తర్వాతి అడుగు పని చేస్తుంది. రెండోసారి తెరిచాక యాడ్ నొక్కి మీ అకౌంట్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చి, కింద చైల్డ్ ఆబ్జెక్టుల పర్మిషన్లు మార్చమనే గడిలో టిక్ పెట్టాలి. ఈ వరస తిరగేస్తే కుదరదు. ఓనర్ అయితేనే జాబితాని మార్చే హక్కు వస్తుంది, ఓనర్ అయినంత మాత్రాన లోపలి ఫైళ్ళు చదివే హక్కు రాదు.

దీన్నే సి డ్రైవ్ మొత్తం మీద చేయమని సలహా ఇచ్చే వీడియోలు కనిపిస్తాయి, దయచేసి వినకండి. విండోస్ ఫోల్డర్‌లో చాలా ఫైళ్ళకి ఓనర్ ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే సర్వీసు. దాని చేతిలోంచి లాక్కుంటే అప్‌డేట్లు ఫెయిల్ అవ్వడం, స్టోర్ యాప్‌లు తెరుచుకోకపోవడం మొదలవుతుంది. ఒక్కో ఫోల్డర్‌కీ వేర్వేరు పర్మిషన్లు ఉండేవి కాబట్టి పర్మిషన్లని రీసెట్ చేసే కమాండ్‌తో వాటిని వెనక్కి తేలేం, చాలాసార్లు విండోస్‌ని మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే.

కమాండ్లంటే భయపడేవాళ్ళకి ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్) మంచి దారి. దాంతో బూట్ చేసి పాత డిస్క్ తగిలిస్తే, లినక్స్ మామూలుగా విండోస్ పర్మిషన్ల జాబితాని పట్టించుకోదు, ఫైళ్ళన్నీ కనిపిస్తాయి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో (పూర్తిగా షట్‌డౌన్ కాకుండా) ఆగి ఉన్న డిస్క్ అయితే రీడ్-ఓన్లీగా ఎక్కవచ్చు, చదువుకోవడానికి అదే మేలు. ఈఎఫ్‌ఎస్ తాళం మాత్రం అక్కడా తీయలేరు.

మిగతా కాపీ అంతా సవ్యంగా అయినా కొన్ని ఫైళ్ళ దగ్గర, క్లౌడ్ ఫైల్ ప్రొవైడర్ నడవడం లేదని 0x8007016ఎ అనే నంబరుతో ఎర్రర్ రావచ్చు. అది వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) పని. పాత కంప్యూటర్‌లో ఆ ఫైళ్ళ పేర్లు మాత్రమే డిస్క్ మీద ఉండి, లోపలి సరుకు ఆన్‌లైన్‌లో ఉంది. డిస్క్‌ని ఎంత తవ్వినా దొరకదు. పాత మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వన్‌డ్రైవ్‌లోకి లాగిన్ అయి అక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసుకోవాలి.