వ్యాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం మూసేయకండి

పికప్ కోసం ఇంజన్‌కు పని చేయించిన పాత కారు ఏది నా దగ్గరకు వచ్చినా, నా చూపు ముందు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగం) పక్కనున్న రేకు డబ్బీ మీదికి పోతుంది. ఇంజన్ పీల్పును, అంటే వ్యాక్యూమ్‌ను, గొట్టం ద్వారా అందుకుని, లోపలి డయాఫ్రమ్ అనే పలుచని పొరతో స్పార్క్‌ను ముందుకు జరిపేది (అడ్వాన్స్ చేసేది) ఇదే. చాలావాటికి గొట్టం ఊడదీసి, కొసన మర బిగించి ఉంటుంది. మొన్న విల్లివాక్కంలో మా ఇంటి ముందు ఆగిన మేనల్లుడి మారుతి జిప్సీదీ అదే పరిస్థితి. క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే ఇరుసు) మార్చారు, కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్లు పెంచారు, గొట్టం మూసేశారు.

“రేసు కార్లలో ఇది ఉండదట కదా మామయ్యా” అన్నాడు.

నిజమే. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద కాలు ఎక్కువసేపు యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కి ఉంటుంది. అప్పుడు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి, పెట్రోలు వెళ్లే దారిలో) వ్యాక్యూమ్ దాదాపు సున్నా. డయాఫ్రమ్ ఉన్నా దానికి పని లేదు. కానీ వాడు రోజూ తిరిగేది ఊళ్లో, అన్నా సాలై మీద.

నిమిషానికి 3000 చుట్ల వేగంలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 30 డిగ్రీలు తిరగడానికి 1.7 మిల్లీసెకన్లు కూడా పట్టదు. 6000 దగ్గర అందులో సగమే. మిశ్రమం కాలడానికి మాత్రం కొంత వ్యవధి కావాలి. పిస్టన్ పైకొస దాటాక సుమారు 15 డిగ్రీల దగ్గర పీడనం గరిష్ఠానికి చేరితేనే దాని బలం పూర్తిగా దక్కుతుంది. అందుకే వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకు జరగాలి. డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులు, స్ప్రింగులు చేసే పని ఇదే. అయితే ఇంజన్ ఎంత భారం లాగుతోందో వాటికి తెలియదు.

అది తెలిసేది డయాఫ్రమ్‌కే. తేలికగా తొక్కుతూ గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్నప్పుడు సిలిండర్‌లోకి చేరే మిశ్రమం తక్కువ, పాత పొగ పాలు ఎక్కువ. పచ్చి కట్టెలా నిదానంగా అంటుకుంటుంది. కాబట్టి స్పార్క్ మరో 10, 15 డిగ్రీలు ముందే పడాలి. అమెరికాలో షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8లను రోడ్డు కోసం పదునుపెట్టేవాళ్లు మొదట పెట్టిన టైమింగ్‌కు బరువులది కలిపి 34-36 డిగ్రీలు ఉంచి, సాఫీగా సాగే వేగంలో వ్యాక్యూమ్ కలుపుకొని 50 దాకా రానిస్తారు. గట్టిగా తొక్కగానే వ్యాక్యూమ్ పడిపోయి అదనపు అడ్వాన్స్ తనంతట తానే వెనక్కి వస్తుంది. ఎంత చక్కని ఏర్పాటు!

గొట్టం మూసేస్తే ఆలస్యంగా అంటుకున్న మంట నిదానంగా కాలి, పిస్టన్‌ను తోయాల్సిన వేడిని ఎగ్జాస్ట్‌లోకి, హెడ్‌లోకి పంపుతుంది. మే నెల చెన్నైలో, పాకుతూ సాగే ట్రాఫిక్‌లో, ఆ భారం రేడియేటర్ మోయాలి. పెట్రోలు ఖర్చు సరేసరి.

జిప్సీ డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, డబ్బీకి కొత్త గొట్టం తొడిగి, రెండో కొస వాడి నోటికిచ్చి పీల్చమన్నాను. లోపలి ప్లేటు నెమ్మదిగా పక్కకు తిరిగింది. నాలుకతో గొట్టం కొస మూసి ఉంచమన్నాను. ప్లేటు కదలకుండా నిలబడింది. డయాఫ్రమ్‌కు చిల్లు ఉంటే జారిపోయేది. పారేయాల్సిన వస్తువు కాదని వాడికి అప్పుడు నమ్మకం కుదిరింది.

గొట్టం తీసేయడానికి సబబైన కారణం ఒకటి లేకపోలేదు. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ వేస్తే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) వ్యాక్యూమ్ బాగా తగ్గి, ఎగుడుదిగుడుగా వస్తుంది. గొట్టం నేరుగా మానిఫోల్డ్‌కు ఉంటే డయాఫ్రమ్ ఊగిసలాడుతుంది, దానితోపాటు టైమింగ్ కూడా. దీనికి మందు, తక్కువ వ్యాక్యూమ్‌కే పూర్తిగా లాగే డబ్బీ. లేదంటే గొట్టాన్ని థ్రాటిల్ ప్లేటుకు (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే రేకుకు) కాస్త పైనున్న రంధ్రానికి కలపాలి. ఐడిల్‌లో అక్కడ వ్యాక్యూమ్ రాదు, కొద్దిగా తొక్కగానే వస్తుంది. జిప్సీకి ఈ రెండో పద్ధతే ఎంచుకున్నాను.

టైమింగ్ లైటుతో స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు పడుతోందో చూసేటప్పుడు మాత్రం గొట్టం తీసి, కార్బ్యురేటర్ వైపు కొస మూసి, ముందు బరువుల లెక్క తేల్చుకోవాలి. గొట్టం పెట్టాక తేలికగా తొక్కినప్పుడే నాకింగ్ (ఇంజన్‌లో టకటక శబ్దం) వస్తుంటే డబ్బీ లాగే దూరం తగ్గించండి. దానికోసం డిస్ట్రిబ్యూటర్‌ను వెనక్కి తిప్పితే పూర్తిగా తొక్కినప్పుడు రావలసిన బలం కూడా పోతుంది.