ఇంటి మీదికి వాలిన తురాయి చెట్టును మేమే దించాం

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి అనకాపల్లి దగ్గర మా వీధిలో తురాయి చెట్లన్నీ పడిపోయాయి. మా పెరట్లోది ఒక్కటే పడకుండా ఇంటివైపు వాలి ఆగిపోయింది. తురాయి వేళ్లు లోతుకు పోవు, పక్కలకే పాకుతాయి. ఏళ్లు గడిచేసరికి ప్రహరీ గోడ బీటలు వారింది. అక్టోబరు, నవంబరు వస్తే చాలు, వాయుగుండం అన్న మాట వినగానే ఇంట్లో టెన్షన్.

వేపో టేకో అయితే చెట్లు కొట్టేవాళ్లే కలప కోసం ఎదురు డబ్బిచ్చి పట్టుకెళ్తారు. తురాయి కర్ర పొయ్యిలోకి తప్ప దేనికీ అక్కరకు రాదు. పైగా రేకుల మీద పడకుండా ముక్కముక్కగా దించాలి. అందుకని వాళ్లు అడిగిన కూలి విని నోట మాట రాలేదు. మా బావమరిది ఏసీలు బిగించే పనిలో ఉన్నాడు, తాళ్లు, ఎత్తులు వాడికి అలవాటే. “బావా, సామాను అద్దెకు తెచ్చి మనమే కానిద్దాం” అన్నాడు.

సొంత స్థలంలో చెట్టయినా, నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం కొట్టడానికి అనుమతి కావాలి. బీటల ఫొటోలు జతచేసి అటవీశాఖకు అర్జీ పెట్టాం. వాళ్లొచ్చి చూసుకుని సరేనన్నారు. ఒక కొమ్మ సర్వీసు వైరుకు మూరెడు దూరంలో ఉండటంతో లైన్‌మన్‌తో మాట్లాడి, ఆ వైపు పనంతా కరెంటు ఆపించాకే చేశాం. ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. వైరు దగ్గర ధైర్యసాహసాలు వద్దు.

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టడం బాగా కలిసొచ్చింది. అప్పటికి ఆకు రాలిపోయి ఏ కొమ్మ ఎటు పోయిందో కనిపిస్తుంది, బరువూ తగ్గుతుంది. సెంట్రింగ్ షాపులో ఇనుప పరంజా, డ్రిల్లింగ్ మిషన్లు అద్దెకిచ్చేచోట పెట్రోలు రంపం, బోరు మోటార్లు దించేవాళ్ల దగ్గర ఇనుప తాడును చేత్తో తిప్పి లాగే విన్చి తీసుకున్నాం. రంపం ఇచ్చినాయన లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలపమని, చైన్‌కు వేరే ఆయిల్ పోయమని రెండుసార్లు చెప్పాడు. నా లుంగీ చూసి, “దీంతో మాత్రం మిషన్ ముట్టుకోకండి” అన్నాడు. అమ్మ చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాక రంపం స్టార్ట్ చేశాం.

అసలు పని రంపంది కాదు, మోకుది. ఇంటి మీదున్న ప్రతి కొమ్మకూ ముందు మోకు కట్టి, దాన్ని పైనున్న పంగలోంచి దాటించి, రెండో కొసను ఎదురుగా ఉన్న మామిడి మొదలుకు మూడు చుట్లు తిప్పేవాళ్లం. ఆ చుట్లలోనే ఉంది కిటుకంతా. తెగిన కొమ్మ బరువైనదైనా చుట్ల ఒరిపిడికి ఆగుతుంది, కింద ఒక్క మనిషి తాడు వదులుతూ మెల్లగా దింపొచ్చు. కోత కూడా ముందు కొమ్మ కింది నుంచి కొంచెం, ఆ తర్వాతే పైనుంచి. నేరుగా పైనుంచి కోస్తే సగం తెగగానే కొమ్మ విరిగి, బెరడు కాండం దాకా చీలుకుంటూ పోతుంది. పొట్టు చెక్కుల్లా కాకుండా పిండిలా రాలుతోందంటే చైన్ మొద్దుబారినట్టే. అప్పుడు నొక్కి కోయకుండా ఆపి ఆకురాయి పట్టాలి. చేతులు వణకడం మొదలైతే ఆ పూటకు పని ఆపేసేవాళ్లం.

కొమ్మలన్నీ పోయాక రెండడుగుల లావున్న బోదె మిగిలింది. తాపీమేస్త్రి గుండు కట్టిన దారం వేలాడదీసి చూస్తే, అది ఇంకా ఇంటివైపే జానెడు వాలి ఉంది. పైన ఇనుప తాడు కట్టి, బోదె ఎత్తుకు రెండింతల దూరంలో విన్చి పెట్టి బిగువుగా లాగాం. దగ్గర పెడితే, పడే బోదె లాగేవాడి మీదికే వస్తుంది. తర్వాత ఖాళీ స్థలం వైపు మూడోవంతుకు మించకుండా చీలిక ఆకారంలో గాటు తీశాం. వెనక నుంచి దానికంటే కొంచెం ఎత్తులో కోసుకుంటూ వచ్చి, మధ్యలో రెండు అంగుళాల చెక్క వదిలేశాం. అదే తలుపు బందులా బోదెను పక్కకు తిరగకుండా పట్టి ఉంచుతుంది. రంపం ఆపి దూరం జరిగి విన్చి తిప్పాం. కిర్రుమంది, ఆగింది, మరో రెండు పట్లకు గాటు వైపే పడింది. పిట్టగోడ మీదున్న పక్కింటి పెద్దాయన “ఇంకా లాగండ్రా” అని అప్పటికీ అరుస్తూనే ఉన్నాడు.

మోడును జేసీబీతో పెకిలిస్తే వేళ్లతో పాటు గోడా లేస్తుందని నేలమట్టానికి కోసి వదిలేశాం. చిగుళ్లు వేస్తోంది, వచ్చినప్పుడల్లా చెక్కేస్తున్నాం. దుంగల్ని బెల్లం వండేవాళ్లు బండి కట్టుకొచ్చి తీసుకెళ్లారు. రంపం అద్దె, విన్చి అద్దె పెద్ద లెక్క కాలేదు గానీ, పరంజాకు మాత్రం రోజు లెక్కన బాగానే అయింది. మళ్లీ చేయాల్సి వస్తే మోకులన్నీ కట్టే ఏర్పాట్లు చూసుకున్నాకే దాన్ని తెప్పిస్తాను.