స్తంభం ఒకటే, రాష్ట్రం మారితే రేటు వేరు

టెలిఫోన్, ఫైబర్ లైన్లు వేసే ఒక కాంట్రాక్టు సంస్థకు డాలస్ శివార్లలోని ఆఫీసులో నేను జీతాల లెక్కలు చూస్తాను. మా మనుషులు టెక్సస్‌తో పాటు ఒక్లహోమా, లూసియానా, ఒహాయోలలో పనిచేస్తారు. హైదరాబాద్‌లో ఇదే ఉద్యోగం చేసిన రోజుల్లో ఈఎస్ఐ లెక్క నోటికి వచ్చేది: 2019 జూలై నుంచి యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం, బట్టల దుకాణమైనా, లేత్ మెషీన్ల షెడ్డయినా రేటు ఒకటే. పనిలో గాయపడిన కార్మికుడికి వైద్యం, భృతి అందించే ఇక్కడి వర్కర్స్ కాంపెన్సేషన్ బీమాకు అలాంటి ఒకే అంకె లేదు. ప్రతి వంద డాలర్ల జీతానికి యజమాని ఇంతని కట్టాలి. అది ఎంతన్నది చేసే పనిని బట్టీ, చేసే రాష్ట్రాన్ని బట్టీ తేలుతుంది.

ఒక్కో రకం పనికి ఒక్కో కోడ్ ఉంటుంది. కుర్చీలో కూర్చుని పనిచేసే నాలాంటివాళ్లది 8810. చాలా రాష్ట్రాల్లో దాని రేటు వందకు డాలరులోపే. బకెట్ ట్రక్కులో పైకి లేచి, కరెంటు తీగలకు సాధారణంగా 40 అంగుళాల దిగువన కేబుల్ కట్టే మనిషి రేటు దానికి ఎన్నో రెట్లు. కాలువ తవ్వి గొట్టాలు పరిచే పనికి మరో కోడ్, మరో రేటు. ఎవరి పని ఎంత ప్రమాదకరమో ఇంత నిర్మొహమాటంగా అంకెల్లో రాసిపెట్టిన కాగితాన్ని నేను మన దగ్గర చూడలేదు.

ఒకే పనికి రాష్ట్రానికో రేటు ఎందుకంటే, గాయపడిన కార్మికుడికి ఇచ్చే వారపు భృతిపై గరిష్ఠ పరిమితి, అది అందే కాలం, వైద్యానికి చెల్లించే ధరలు, కోర్టు వివాదాలు, ఆ రాష్ట్రంలో అంతకుముందు జరిగిన ప్రమాదాల ఖర్చు, ఇవన్నీ ఎక్కడికక్కడ వేరు. ఎక్కువ రాష్ట్రాల్లో ఎన్‌సీసీఐ అనే సంస్థ మూల వ్యయాన్ని లెక్కగడితే, బీమా కంపెనీలు దానిపై తమ ఖర్చులూ లాభమూ వేసుకుంటాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, పెన్సిల్వేనియాలకు సొంత సంస్థలున్నాయి. ఒహాయో, వాషింగ్టన్, వయోమింగ్, నార్త్ డకోటాలలోనైతే ప్రైవేటు కంపెనీ పాలసీ అసలు చెల్లదు, రాష్ట్ర నిధికే కట్టాలి. వాషింగ్టన్‌లో జీతాన్ని కాక పని గంటలను లెక్కిస్తారు, ప్రీమియంలో కొంత కార్మికుడి జీతం నుంచే మినహాయిస్తారు. ఇక మా టెక్సస్ తీరు మరీ విచిత్రం: ప్రైవేటు యజమాని ఈ బీమా తీసుకోకపోయినా చట్టం తప్పుపట్టదు. అయితే బీమా లేని యజమానిపై గాయపడినవాడు నేరుగా దావా వేయవచ్చు. పైగా పెద్ద టెలికాం కంపెనీలు బీమా పత్రం చూడనిదే పని అప్పగించవు.

రేటు మన చేతిలో లేకపోయినా, దాన్ని గుణించే అంకె కొంతవరకు మన చేతిలోదే. సంస్థలో గత ప్రమాదాల చరిత్రను బట్టి వచ్చే ఆ గుణకం సగటున 1 ఉంటుంది. ఉదాహరణకు పది లక్షల డాలర్ల జీతాలకు రేటు 5 అనుకుంటే ప్రీమియం 50,000, గుణకం 0.85 అయితే 42,500, 1.20 అయితే 60,000. టెండరులో పోటీదారుడికీ మనకూ తేడా అక్కడే పడుతుంది.

అందుకే నాకు అన్నిటికన్నా విలువైన కాగితం ఫోర్‌మన్ పంపే టైమ్‌షీట్. మట్టి వేళ్ల ముద్రలు పడ్డ ఆ కాగితంపై 'స్తంభాలు 6 గంటలు, కాలువ 2 గంటలు' అని విడిగా రాసి ఉంటే ఏ పని గంటల జీతం ఆ పని కోడ్‌కే వెళ్తుంది. ఊరికే 'పని 8 గంటలు' అని ఉంటే ఏడాది చివర ఆడిటర్ మొత్తాన్నీ ఎక్కువ రేటులోకే నెట్టేస్తాడు. బీమా పత్రం ఇవ్వని సబ్‌కాంట్రాక్టరుకు చెల్లించిన సొమ్మునూ మా జీతాల్లోనే కలుపుతాడు. కాబట్టి ఆ పత్రం చేతికొచ్చేదాకా నేను వాళ్ల బిల్లు ముందుకు పంపను. దానికి ఫోనులో నాలుగు మాటలు పడాల్సివచ్చినా సరే.