ఫన్‌కి తోక తగిలిస్తే

మా టీమ్ లీడ్ వారాంతాల్లో చెల్లో వాయిస్తారు. డబ్బు కోసం కాదు, ఇష్టం కొద్దీ. ఆవిడలాగే పగలంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకునేవాళ్లంతా కలిసి ఒక ఆర్కెస్ట్రా నడుపుకుంటున్నారు. మొన్న శనివారం వాళ్ల కచేరీకి మమ్మల్నందరినీ పిలిస్తే వెళ్లాను. రెండు గంటలు కదలకుండా కూర్చున్నాను. నాకు ఆ సంగీతం కొత్త, అయినా మనసు నిండిపోయింది.

సోమవారం పొద్దున కాఫీ మెషీన్ దగ్గర ఆవిడ కనిపిస్తే ఆగలేక చెప్పేశాను. 'మీ కచేరీ చాలా ఫన్నీగా ఉంది.'

ఆవిడ చేతిలో కప్పు సగంలో ఆగిపోయింది. 'ఫన్నీనా? చివరిది మా గురువుగారు పోయాక ఆయన కోసం వాయించాం' అని, ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయారు. పక్కనున్న సహోద్యోగి మెల్లగా విడమరిచి చెబితే గానీ నాకు అర్థం కాలేదు, వాళ్ల కచేరీ చూసి నవ్వొచ్చిందని ఆవిడ మొహం మీదే చెప్పానని.

ఆ రోజంతా పని మీద ధ్యాస లేదు. సాయంత్రం ఆవిడే నా డెస్క్ దగ్గరికి వచ్చి మానిటర్ అంచుకి ఒక పసుపు చీటీ అంటించారు. దాని మీద రెండు మాటలు, ఒకదాని కింద ఒకటి. ఫన్ పక్కన 'సంతోషంగా గడిచింది' అనీ, ఫన్నీ పక్కన 'నవ్వొచ్చింది, లేదా ఏదో తేడాగా ఉంది' అనీ రాశారు. 'నీ మనసులో ఉన్నది మొదటిదే అని నడుచుకుంటూ వెళ్తుంటే తట్టింది. పొద్దున అలా వెళ్లిపోయి ఉండాల్సింది కాదు' అన్నారు. తప్పు నాదైతే ఆవిడ వచ్చి సారీ చెప్పారు.

ఈ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. సన్ నుంచి సన్నీ, రెయిన్ నుంచి రెయినీ అని బట్టీపట్టాం. ఆ లెక్కన ఫన్ నుంచి ఫన్నీ రావాలి కదా. అదీగాక మనకి సరదా అనే ఒక్క మాట అన్నిటికీ సరిపోతుంది. ప్రయాణం సరదాగా సాగుతుంది, కథ సరదాగా ఉంటుంది, మనిషి సరదా మనిషి, నోరు జారితే 'సరదాకి అన్నాలే' అని సర్దుకుంటాం. ఎక్కడ నవ్వు, ఎక్కడ ఉత్త సంతోషం అన్నది ఎదుటివాళ్లు మన మొహం చూసి గ్రహిస్తారు. ఇంగ్లీషులో ఆ భారమంతా మాట చివరి అక్షరం మీద పడుతుంది. పాలు ఫన్నీగా వాసన వస్తున్నాయంటే విరిగాయని. ఒంట్లో ఫన్నీగా ఉందంటే నలతగా ఉందని. ఫన్ అనే మాటకైనా మొదట్లో మర్యాద లేదు. ఒకప్పుడు మోసగించడం, బురిడీ కొట్టించడం అనే అర్థం ఉండేది. శామ్యూల్ జాన్సన్ అనే ఇంగ్లీషు పండితుడు 1755లో వేసిన నిఘంటువులో దాన్ని నాసిరకం వాడుక మాటగా జమకట్టాడు. ఎమ్యూజ్ కూడా పాతకాలంలో ఎదుటివాణ్ణి ఏమార్చడమే. ఇప్పటికీ ఎవరైనా 'నాట్ ఎమ్యూజ్డ్' అంటే వినోదం కలగలేదని కాదు, కోపం వచ్చిందని అర్థం.

ఎమెచ్యూర్ దగ్గరా ఇదే గొడవ. లాటిన్‌లో ప్రేమించేవాడు అనే మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఆవిడది ఎమెచ్యూర్ ఆర్కెస్ట్రా అంటే గౌరవమే. చివర ఒక 'ఇష్' చేర్చి ఎమెచ్యూరిష్ అంటే చేతకానితనం. ఆ సోమవారం నా నోటికి ఆ మాట రానందుకు ఇప్పటికీ ఊపిరి పీల్చుకుంటాను.

రిక్రియేషనల్ మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. అమ్మకానికి కాకుండా సరదాకి చేపలు పడితే రిక్రియేషనల్, జబ్బు లేకుండా మత్తు కోసం వాడే పదార్థాలూ రిక్రియేషనల్. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆరోగ్య ఫారంలో రిక్రియేషనల్ డ్రగ్స్ వాడతారా అన్న ప్రశ్న చూసి, బలానికి వేసుకునే విటమిన్ బిళ్లల గురించేమో అనుకుని అవును దగ్గర టిక్కు పెట్టబోయాను. ఆ మాటకి మూలం మళ్లీ కొత్తగా చేయడం, సేదతీర్చడం. అంటే మనిషి సరదాపడేది మళ్లీ పనికి సిద్ధం కావడానికేనా? లీజర్ కూడా 'అనుమతి ఉంది' అనే లాటిన్ మాట నుంచే వచ్చిందట. సంతోషానికి కూడా సెలవు చీటీ కావాలా అనిపిస్తుంది. అయితే మనమేం తక్కువ తినలేదు. ఆటవిడుపులో ఉన్న విడుపు ఏమిటి? 'ఆటలాడుతున్నావా' అనేది తిట్టే. ఉబుసుపోక చేసే పనికి మన దగ్గరా విలువ లేదు.

అసలు బాధ వ్యాకరణం గురించి కాదు. అర్జెంట్, పెండింగ్, క్రిటికల్, టెంటేటివ్ లాంటి మాటలు నన్ను ఒక్కరోజు కూడా మోసం చేయలేదు. పని గురించి ఇంగ్లీషులో ఎంతసేపైనా మాట్లాడగలను, వాదించి నెగ్గగలను. సంతోషం గురించి చెప్పబోతేనే నాలుక తడబడుతుంది. ఎందుకంటే నేను ఇంగ్లీషుని జీతం కోసం నేర్చుకున్నాను, ఆ భాషలో ఆడుకోలేదు, అలగలేదు, ఎవరినీ ఏడిపించలేదు. ఇంట్లో నేనుంటే నవ్వులే నవ్వులని పేరు. ఇక్కడ నాకు 'పని బాగా చేస్తారు, పెద్దగా మాట్లాడరు' అని పేరు. ఈ రెండో మనిషిని నేనెప్పుడూ కోరుకోలేదు. పక్కవాళ్లు జోకులేస్తూ నవ్వుతుంటే, సరైన మాట నాకు దొరికేసరికి వాళ్లు ఇంకో విషయంలోకి వెళ్లిపోతారు.

వచ్చే నెల మళ్లీ కచేరీ ఉందని నిన్న చెప్పారు. ఈసారి తప్పు చేయకూడదని ముందే అడిగేశాను, ఏమనాలి అని. ఫన్ అంటే ఆ చివరి పాటకి తేలికైపోతుంది. ఎంజాయబుల్ అంటే ఫీడ్‌బ్యాక్ ఫారం నింపినట్టుంటుంది. ఎంటర్‌టైనింగ్ అంటే కాలక్షేపానికి వచ్చినట్టుంటుంది. ఒక్కోటీ చెబుతుంటే ఆవిడ శ్రద్ధగా విన్నారు, కాసేపు ఆలోచించారు.

'ఏ మాటా వద్దు. మళ్లీ వస్తానని చెప్పు, చాలు' అన్నారు.

వస్తానని అప్పుడే చెప్పేశాను.