రంగశంకరలో రెండు నాటికలు

నిన్న సాయంత్రం బెంగళూరు జేపీ నగర్‌లోని రంగశంకరలో రెండు తెలుగు నాటికలు చూశాను. 2004లో రంగస్థల నటి అరుంధతీ నాగ్ చొరవతో ప్రారంభమైన ఈ రంగశాలలో ఆలస్యంగా వచ్చినవారిని లోపలికి అనుమతించరు. నాటికకు ఆ కట్టుబాటు ఎంతో మేలు, ఎందుకంటే ముప్పావుగంటలో ముగిసే కథలో తొలి మాటలు చెవిన పడకపోతే తక్కినదంతా అయోమయమే. ప్రేక్షకులు మూడు వైపులా కూర్చుంటారు కనుక నటుడు గుటక మింగినా తెలుస్తుంది. మొదటి నాటికలో, కొడుకులిద్దరూ ఆస్తి కోసం తగువులాడుతుండగా తల్లి పల్లెత్తు మాటైనా అనకుండా ఇద్దరికీ పెరుగు వడ్డించి, తన కంచం బోర్లించి లోపలికి వెళ్లిపోయింది. ఎవరూ గతాన్ని ఏకరువు పెట్టకుండానే ఆ ఇంటి సంగతంతా అర్థమైపోయింది. రెండో నాటికను మాత్రం ఉపన్యాసాల్లాంటి సంభాషణలు (చప్పట్ల కోసమే రాస్తారేమో!) నీరుగార్చాయి.