నొప్పి తగ్గింది, కడుపు మొరాయించింది

నాన్నకి లంగ్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందని తెలిసిన రోజు మేం అడిగినవన్నీ కీమో గురించే, అర్ధరాత్రి ఆయన నడుం నొప్పితో మంచం పట్టె పట్టుకుని కూర్చుంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవర్నీ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

మార్ఫిన్, అంటే తీవ్రమైన నొప్పికిచ్చే గట్టి మందు, అనగానే అమ్మ "ఇంక అయిపోయినట్టేనా" అని ఏడుపు, బాబాయేమో అలవాటు పడిపోతాడు వద్దు అన్నాడు. దాంతో వారం రోజులు మాత్రలు బీరువాలోనే. ఆ వారం తల్చుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం. మార్ఫిన్ ఇచ్చేది నొప్పిని చూసి, రోజులు దగ్గరపడ్డాయని కాదు, ఈ నొప్పికి చెప్పిన డోసులో వాడేవాళ్ళు బానిసలవడం చాలా అరుదు అని పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధలు తగ్గించే వైద్యం) నర్సు గారు కూర్చోబెట్టి చెప్తే గానీ మావాళ్ళు దిగిరాలేదు. 2014లో ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం సవరించి రూల్స్ సులువు చేశారంటారు గానీ మా వీధి చివర మెడికల్ షాపులో అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు, చివరికి హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నాం.

నాలుగు గంటలకోసారి మాత్ర, మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇంకోటి, పడుకునే ముందు డబుల్ డోసు, అప్పుడు రెండింటికి లేపక్కర్లేదు, ఇదీ మాకు రాసిచ్చిన లెక్క. మొదటి మూడు రోజులు వాంతులు, మగత, తర్వాత అవే సర్దుకున్నాయి.

సర్దుకోనిది మోషన్. మార్ఫిన్ వాడినన్నాళ్ళూ మలబద్ధకం ఉంటుందిట, విరేచనాల మందు కూడా మొదటి రోజే మొదలెట్టాలిట, చీటీలో రాశారు కూడా, మేమే "చూద్దాంలే" అనుకున్నాం. ఐదు రోజులు లేదు. బాబాయి ఇసబ్‌గోల్ తెచ్చాడు, నీళ్ళే సరిగ్గా తాగలేని మనిషికి అది ఇంకా గట్టిపడుతుందని నర్సు గారు తిట్టారు. ఆరో రోజు నీళ్ళలా కొద్దికొద్దిగా పోతుంటే హమ్మయ్య అనుకుని, లూజ్ మోషన్సేమో అని ఓఆర్ఎస్ పట్టా. నిజానికి లోపల గట్టిగా అడ్డం పడిపోయి దాని పక్కనుంచి కారుతోందిట! ఎనీమా ఇచ్చి తీశారు. ఆ గంట నాన్న గోడవైపు తిరిగి "నువ్వు బయటికెళ్ళమ్మా" అన్నది ఒక్కటే మాట. నొప్పికన్నా ఆ సిగ్గే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత రోజూ రాత్రి మందు, నోట్‌బుక్‌లో మాత్ర టైముల పక్కనే ఇంకో గడి గీశా, మోషన్ అయితే టిక్కు. మీరు మూడు రోజులు టిక్కు పడకపోతే డాక్టరుకో నర్సుకో ఫోన్ చెయ్యండి, మాలాగా ఆరు రోజులు ఆగకండి.

మిగతావి చిన్నచిన్నవే. ఆయాసం వచ్చినప్పుడు టేబుల్ ఫ్యాను సరిగ్గా మొహమ్మీదికి పెడితే ఎంత తేడానో నేను నమ్మలేదు. దిండ్లు ఒళ్ళో పెట్టుకుని ముందుకి వాలి కూర్చునేవారు. నోరు పుండైతే ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలింపులు. తిండి విషయంలో అమ్మతోనే యుద్ధం, "రెండు ముద్దలు తినండి" అని వెంటపడేది, ఆయనకి మజ్జిగ ఐస్ ముక్కలు చప్పరిస్తే చాలు.

నాన్న పోయాక మిగిలిన మార్ఫిన్ వెనక్కి ఇచ్చేశాం. కౌంటర్లో లెక్కపెట్టారు, పద్నాలుగు. పక్కన కూర్చున్న పెద్దాయన ఆ స్ట్రిప్పులు చూసి "ఇవి వాడితే అలవాటైపోద్దంట కదమ్మా" అన్నారు. ఆయన టోకెన్ పిలిచేదాకా కూర్చుని చెప్పా, ముందు మోషన్ మందు గురించే చెప్పా.